ఎర్ర ధూళి పడని క్యాబినెట్

జూన్ 14, శనివారం

డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి ముందుగది టేబుల్ మీద నాకు చోటు లేదు. నేను కూర్చుని అన్నం తినే వైపంతా పాత పేపర్లు పరిచి ఉన్నాయి. వాటి మీద అట్టపెట్టె, అట్టపెట్టె మీద నల్లటి పలకలాంటి మదర్‌బోర్డు, చుట్టూ వైర్లు, ఫ్యాన్లు, ఇటుకంత గ్రాఫిక్స్ కార్డు. స్వర్ణ నేల మీద కూర్చుని స్క్రూలు ఏరుకుంటోంది. ఇంజినీరింగ్ రెండో ఏడు చదివే పిల్ల సెలవులకి ఇంటికొచ్చి తన కంప్యూటర్ తనే బిగించుకుంటోందంటే తండ్రికి సంతోషం ఉండాలి. ఉంది కూడా. కాకపోతే ప్లేటు ఒళ్లో పెట్టుకుని తినాల్సి వచ్చింది.

సామాన్లన్నీ తన డబ్బుతోనే కొనుక్కుంది. ఎవరెవరికో ఆన్‌లైన్‌లో బొమ్మలు చేసి ఇస్తుందట. కాగితం మీద గీసేవి కావు, కంప్యూటర్‌లో అన్ని వైపులకీ తిప్పి చూసేవి. అన్నీ కొంది గాని క్యాబినెట్ కొనలేదు. ఇవన్నీ లోపల పెట్టి మూసే డబ్బా. అదెందుకు కొనలేదే అంటే, "ఇంకా తేల్చుకోలేదు నాన్నా" అంది.

డబ్బాలో తేల్చుకోవడానికి ఏముంటుంది?

జూన్ 15, ఆదివారం

ఫోన్లో క్యాబినెట్లు చూపించింది. అన్నిటికీ ముందువైపు జల్లెడే. కొన్నిటికి పక్కన అద్దం, అందులోంచి రంగురంగుల లైట్లు, తీర్థంలో రంగులరాట్నంలాగా. ఇన్ని చిల్లులు ఎందుకని అడిగాను. లోపల వేడి పుడుతుంది, గాలి ఆడాలి అంది.

గాలితోపాటు ఇంకేం వస్తుందో ఈ ఇంట్లో పదకొండేళ్లు పెరిగిన దానికి నేను చెప్పాలా? మా క్వార్టరుకీ పట్టాలకీ మధ్య నలభై అడుగులు లేదు. కిరండూల్ గనుల నుంచి ఖనిజం వేసుకుని గూడ్సు దిగిందంటే ఆరేసిన పంచె జాజు రంగు తేలుతుంది. కిటికీ ఊచ మీద వేలు పెడితే వేలు ఎర్రబడుతుంది. అది ఉత్త దుమ్ము కాదు, ఇనుము. కరెంటున్న చోట ఇనుప పొడి చేరితే ఏమవుతుందో ఇరవయ్యేడేళ్ల స్టేషన్ మాస్టర్ ఉద్యోగం నాకు నేర్పింది. మా స్టేషన్‌లో సిగ్నళ్లు నడిపే రిలేల గదికి తలుపు చుట్టూ రబ్బరు పట్టీ ఉంటుంది. అది ఊరికే పెట్టలేదు. పైగా గూడ్సు పోతుంటే వంటింట్లో గ్లాసులు గలగలమంటాయి. ఆ అదురుకి అద్దం తలుపా?

ఇదంతా చెప్పాను. విన్నది. జాలీ వెనక ఫిల్టర్ ఉంటుంది, వారానికోసారి కడుక్కుంటే చాలు అంది.

ఈ పిల్ల వారానికోసారి ఏదైనా చేసిన గుర్తు నాకు లేదు.

జూన్ 17

తేలలేదు. ఒళ్లోనే ప్లేటు.

జూన్ 19, గురువారం

కాలేజీ ఎప్పుడు తెరుస్తారని అనురాధని అడిగాను. "ఎప్పుడూ అదేటండి, ముందు ఆ డబ్బా సంగతి తేలనీండి" అని పోపు వేయడానికి వెళ్లిపోయింది. నా భార్యకి కూడా డబ్బాయే ముఖ్యమైపోయింది.

స్టేషన్‌లో సుక్రు అడిగాడు, అమ్మాయిగారు ఇన్నాళ్లున్నారేటని. సుక్రు పట్టాలు మార్చే మా పాయింట్స్‌మన్. పైనున్న గూడెం మనిషి, నాకంటే ముందునుంచీ ఈ టైడా స్టేషన్‌లో ఉన్నాడు. ప్రాజెక్టు పని మీద వచ్చిందన్నాను. అబద్ధమేమీ కాదు. కంప్యూటర్ బిగించడం ప్రాజెక్టే.

జూన్ 22, ఆదివారం

ఇక ఇది తేలదని నేనే తేల్చేశాను. శుక్రవారం సాయంత్రం పాసింజరుకి విశాఖపట్నం వెళ్లి, తమ్ముడింట్లో పడుకుని, నిన్న డాబాగార్డెన్స్‌లో నాలుగు షాపులు తిరిగాను. ప్రతివాడూ అద్దాలవే చూపిస్తాడు. లైట్లు లేనిది కావాలంటే నన్ను ఎగాదిగా చూస్తాడు. చివరికి ఒకాయన వెనక గోడౌన్ నుంచి పాత మోడల్ తీయించాడు. వేలితో కొడితే ట్రంకుపెట్టెలా మోగింది. ముందువైపు నిండు రేకు. గాలికి ఆ రేకు రెండు పక్కలా సన్నటి సందులు, అడుగున కాస్త జాలీ, అంతే. ఈ పొద్దున్న పాసింజరులో తెచ్చాను. సుక్రు నెత్తిన పెట్టుకుని ఇంటికి చేర్చాడు, ఇందులో బియ్యం ఉన్నాయా బాబూ అని అడుగుతూనే ఉన్నాడు.

స్వర్ణ దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"చాలా పెద్దది నాన్నా."

పెద్దదైతే మంచిదే కదా, సామాను విడివిడిగా ఉంటుంది అన్నాను.

"నన్ను అడగాల్సింది."

అడిగాను. వారం రోజులు అడిగాను. జవాబు చెప్పని మనిషిని ఇంకెన్నిసార్లు అడగాలి?

జూన్ 23

బిగించింది. పని చేస్తోంది. అంత పెద్ద డబ్బాలో ఆ బోర్డు మూలకి నక్కిన పిల్లిలా ఉంది. ఉంటే ఉంది.

రాత్రి అన్నం టేబుల్ మీద తిన్నాను. గూడ్సు పోయింది. గ్లాసులు అదిరాయి, డబ్బా అదరలేదు.

జూలై 1, మంగళవారం

మధ్యాహ్నం కాలేజీ ఆఫీసు నుంచి ఫోన్. మీ అమ్మాయికి హాజరు చాలలేదు, పరీక్షలు రాయలేదు, రెండో ఏడు మళ్లీ చదువుతుందా, మానేస్తుందా, మానేస్తే ఫారం మీద తండ్రి సంతకం కావాలి అన్నారు. పేరు మరోసారి చెప్పించుకున్నాను. రోల్ నంబరు కూడా చెప్పించుకున్నాను. మా పిల్లే.

నాలుగింటికి డ్యూటీ దిగేదాకా ఎలా ఉన్నానో తెలియదు. రెండు గూడ్సులకి లైను ఇచ్చాను, తప్పేమీ చెయ్యలేదు.

ఇంటికెళ్లి అడిగితే స్వర్ణ దాచలేదు. అదే నాకు ఇంకా మండింది.

"డిసెంబరు నుంచి క్లాసుకి వెళ్లలేదు నాన్నా. పొద్దున్నే తయారై బ్యాగు వేసుకునేదాన్ని. గేటుదాకా వెళ్లి వెనక్కి వచ్చేసేదాన్ని. ఎందుకో నాకే తెలిసేది కాదు. హాస్టల్ గదిలో కూర్చుని బొమ్మలు చేస్తుంటే మాత్రం టైము తెలిసేది కాదు."

అనురాధకి మార్చిలోనే తెలుసట. నాకు చెప్పడానికి భయమేసిందట. ఇద్దరూ కలిసి నాలుగు నెలలు నన్ను వెర్రివాణ్ని చేశారు. స్టేషన్ అంతా ప్రాజెక్టు ప్రాజెక్టని నేను చెప్పుకు తిరిగాను.

చిన్నప్పుడు వీణ నేర్చుకోవడం సగంలో మానేసింది. ఎన్‌సీసీ సగంలో మానేసింది. ఇప్పుడు ఇది. "ఒక్క పని చివరిదాకా చెయ్యడం నీ వల్ల కాదే" అన్నాను. కోపంలో ఏ తండ్రైనా అనే మాటే.

అది లేచి లోపలికి వెళ్లిపోయింది. ఏడిస్తే సముదాయించేవాణ్ని. ఏడవలేదు.

జూలై 2

మాటల్లేవు.

జూలై 5, శనివారం

మాటల్లేవు గాని అనురాధ ద్వారా సంగతులు తెలుస్తున్నాయి. విశాఖపట్నంలో కంప్యూటర్ ఆటలు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటుందట. అందులో చేరాలంటే ఒక పరీక్ష. మన చుట్టూ ఉన్న ఏదైనా యంత్రాన్ని అచ్చుగుద్దినట్టు కంప్యూటర్‌లో చేసి, అది కదిలే వీడియో పంపాలి. పద్నాలుగో తారీకు సాయంత్రం అయిదింటి లోపు.

ఏ యంత్రం చేస్తోందని అడిగాను. మీరే అడగండి అంది అనురాధ.

అడగలేదు.

జూలై 8

మధ్యాహ్నం స్వర్ణ స్టేషన్‌కి వచ్చింది. నా వైపు చూడకుండా, మూలన పడి ఉన్న పాత టోకెన్ మిషను దగ్గరికి వెళ్లింది. పూర్వం ఆ మిషన్లోంచి ఇనుప బంతి తీసి డ్రైవరు చేతికిస్తే గాని బండి ముందుకు కదలకూడదు. ఇప్పుడు వాడకం లేదు. సుక్రు తలుపు తీసి పిడి తిప్పి చూపించాడు. అది ఫొటోలు తీసుకుంది, టేపుతో కొలుచుకుంది, సుక్రు చెప్పిందల్లా రాసుకుంది.

అలాంటి మిషన్ల మీద పదేళ్లు పనిచేసినవాణ్ని నేను. మూడు గజాల దూరంలో కుర్చీలోనే ఉన్నాను.

జూలై 11, శుక్రవారం

తల్లీకూతుళ్లు అరకు సంతకి వెళ్లారు. నాకు రెస్టు. ఊరికే డబ్బా ముందు రేకు ఊడదీసి చూశాను. మూడు వారాలు కాలేదు, ఫ్యాన్ రెక్కల అంచున ఎర్రటి గీత. నేను చెప్పిందేటి? చూపించడానికి ఎదురుగా మనిషి లేదు.

డబ్బాతో వచ్చిన తెల్ల ఫోము అటక మీద ఉంది. పట్టీలుగా కోసి, రేకు లోపలివైపు సందులకి అంటించాను. అడుగు జాలీకి కూడా ఒక ముక్క. స్టోరు తాళం కోసం వచ్చిన సుక్రు కత్తెర పట్టాడు. గాలి పూర్తిగా ఆగదు. ఫోముకి సన్నటి రంధ్రాలు ఉంటాయి కదా. రేకు బిగించేశాక పైకి ఏమీ కనబడదు.

స్వర్ణ రాగానే చెప్పాలి.

జూలై 12

చెప్పలేదు. చెవుల్లో పాటలు పెట్టుకుని పనిలో మునిగి ఉంది. పది రోజులుగా నాతో మాట్లాడని మనిషిని ఫోము గురించి ఏం కదిలిస్తాం.

జూలై 14, సోమవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

బొమ్మ పూర్తయింది. దాన్ని వీడియోగా మార్చడానికి కంప్యూటర్ ఏడు గంటలు ఆగకుండా నడవాలట. ఎనిమిదింటికి మొదలుపెట్టింది. మూడింటికి అయిపోతుంది, ఇంకా రెండు గంటలు చేతిలో ఉంటాయని అనురాధతో చెప్పిందట. నేను డ్యూటీలో ఉన్నాను. పన్నెండున్నరకి క్యారేజీ తెచ్చిన అనురాధ ముఖం చూడగానే అడిగాను, ఏటయిందని. పదకొండింటికి మిషను దానంతటదే ఆగిపోయిందట. మళ్లీ పెడితే అరగంటకి మళ్లీ ఆగింది. ఇంకోసారి పెడితే ఇంకోసారి.

నా స్థానంలో మనిషి లేడు. కదలడానికి వీల్లేదు. నాలుగింటికి ఇంటికి పరుగెత్తాను. డబ్బా పక్క రేకు ఊడదీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టింది. అలా అయితే ఆగకుండా నడుస్తోంది. కానీ అప్పటికి సగం కూడా కాలేదు. స్వర్ణ కుర్చీలో మోకాళ్లు దగ్గరికి లాక్కుని గడియారం చూస్తూ కూర్చుంది. డబ్బా పైరేకు మీద చెయ్యి పెట్టాను. ఇంకా కాలుతోంది, తీసేశాను.

అయిదయింది. అయిదుంబావు అయింది.

"పోనీలే నాన్నా" అంది. రెండు వారాల తర్వాత నాతో అన్న మొదటి మాట.

ఓల్టేజీ అన్నాను. వానాకాలంలో ఇక్కడ కరెంటు నిలకడగా ఉండదు, ఓల్టేజీ పడిపోయి ఉంటుంది అన్నాను.

జూలై 15

ఓల్టేజీ కూడా ఒక కారణమే. నిన్న పదకొండు ప్రాంతంలో స్టేషన్‌లో కూడా లైట్లు ఒకసారి తగ్గాయి. తగ్గినట్టే గుర్తు.

స్వర్ణ పది దాటినా మంచం దిగలేదు. అనురాధ గుమ్మంలో చింతపండు ఒలుస్తోంది. ముందు రేకు తీసి పట్టీలు పీకేశాను. ఎండిన జిగురు గోళ్లతో గీకాను. ఫోము ముక్కలు ప్యాంటు జేబులో పెట్టుకుని స్టేషన్ వెనక పొదల్లో పారేశాను.

ఎందుకు పారేశానంటే, అవి ఇక అవసరం లేదు కాబట్టి.

జూలై 18, శుక్రవారం

అరకు వెళ్లి స్టెబిలైజర్ తెచ్చి బిగించాను. ఇప్పుడు గంటల తరబడి నడిచినా ఆగడం లేదట. చూశావా, ఓల్టేజీయే అన్నాను. స్వర్ణ నా వైపు చాలాసేపు చూసి, సరే నాన్నా అంది.

ఆ చూపు నాకు నచ్చలేదు.

జూలై 20, ఆదివారం

పొద్దున్న పాసింజరు పోయాక సుక్రు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చేతిలో టోపీ తిప్పుకుంటున్నాడు. ఏటిరా అన్నాను.

"అమ్మాయిగారు తెల్ల ముక్కొకటి అట్టుకొచ్చి, ఇదేటి సుక్రూ అనడిగినారు బాబూ. ఫ్యానులో సిక్కుకుందంట. నాను సెప్పేసినాను. తమరు అతికించినారు, నాను కోసినాను అని. సెప్పకూడదేటి?"

ఎప్పుడడిగింది అన్నాను. బుధవారం అన్నాడు.

బుధవారం. అంటే నేను శుక్రవారం స్టెబిలైజర్ తగిలిస్తున్నప్పుడు దానికి తెలుసు. చూశావా అన్నప్పుడు తెలుసు.

సుక్రు మీద అరిచాను. వాడు తల వంచుకుని వెళ్లి జెండాలు చుట్టుకున్నాడు. వాడి తప్పేముంది? అబద్ధం చెప్పమని నేను వాడికి చెప్పి ఉంచలేదు కదా, అది నా ఒక్కడి దగ్గరే ఉంది.

జూలై 21, సోమవారం

చెప్పాను.

సాయంత్రం వెనక మెట్ల మీద కూర్చుని ఉంది. కొండ మీదనుంచి మబ్బు దిగుతోంది. పక్కన కూర్చుని, స్వర్ణా ఆ రోజు, అని మొదలుపెట్టేలోపే "నాకు తెలుసు నాన్నా" అంది. "నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నాను."

ఇనుప ధూళి గురించి మొదలుపెట్టాను. రిలేల గది గురించి కూడా. కొంతదూరం వెళ్లాక నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు. ఆపేశాను.

అప్పుడు అది చెప్పింది. కోపంగా చెప్పి ఉంటే బాగుండేది.

"ఒక్క పని చివరిదాకా చెయ్యలేవు అన్నావు కదా. మిషను ఆగిపోయినప్పుడు, నాన్న చెప్పింది నిజమే అనుకున్నాను. ఏం తప్పు చేశానా అని రెండు రోజులు బొమ్మంతా వెతుక్కున్నాను. నా వల్లే అనుకున్నాను నాన్నా."

తప్పయింది అన్నాను. కూతురితో ఈ మాట అనడం ఇదే మొదలు. అనేస్తే మనసు తేలికవుతుందంటారు. నాకేమీ కాలేదు. గూడ్సు ఒకటి దిగిపోయింది.

తర్వాత ఫోన్ తీసి, పూర్తికాని వీడియో చూపించింది. మా టోకెన్ మిషను. చీకట్లోంచి మెల్లగా తిరుగుతూ వచ్చింది. పెచ్చులూడిన ఎర్ర రంగు, పిడి దగ్గర చేతులు తగిలి తగిలి నునుపెక్కిన ఇత్తడి. వెనక పలకకి నాలుగు స్క్రూలుండాలి, మూడే ఉన్నాయి. నాలుగోది చాలా ఏళ్ల కిందట పోగొట్టింది నేనే. అది లేనట్టుగానే చేసింది. పిడి తిరగడం మొదలైంది, బంతి బయటికి రావాలి, అక్కడ ఆగిపోయింది.

మళ్లీ చూపించమన్నాను. నాలుగుసార్లు చూశాను.

జూలై 24, గురువారం

ఆ కంపెనీకి తనే రాసిందట. సాకులేమీ చెప్పలేదట. గడువు దాటింది, ఇంతవరకే అయింది, చూడగలిగితే చూడండి అని, తర్వాత మొత్తం పూర్తి చేసి పంపింది. మూడు నెలలు ట్రైనీగా రమ్మన్నారు. జీతం నామమాత్రం. ఎవరి మిషను వాళ్లే తెచ్చుకోవాలి.

ఇదంతా అనురాధకి చెబుతుంటే ముందుగదిలోంచి విన్నాను. నాకు ఎందుకు చెప్పలేదని అడుగుదామని లేచి, కూర్చున్నాను.

కాసేపటికి అదే వచ్చి చెప్పింది. మొత్తం మొదటినుంచీ చెప్పింది. నేను విన్నాను. కాలేజీ ఫారం ముందు పెట్టింది. సంతకం పెట్టలేదు. ఆలోచిస్తానన్నాను.

జూలై 27, ఆదివారం

ఇవాళ ఫోన్ పట్టుకొచ్చి, నాన్నా క్యాబినెట్ చూడు అంది. చెప్పులపెట్టెలు రెండు నిలబెట్టినంత ఉంటుంది. చుట్టూ జాలీ. పైన పట్టుకోవడానికి పిడి.

నోటిదాకా వచ్చింది. ధూళి, ఖనిజం, అదురు, అన్నీ. సగం అనేశాను కూడా.

"ఇది ఇక్కడ ఉండదు నాన్నా."

అప్పుడర్థమైంది. చిన్న బోర్డు ఎందుకు కొందో ఇన్నాళ్లలో నేను అడగనే లేదు. ఈ గదిలో ఈ టేబుల్ మీద ఏది నిలుస్తుందని నేను వెతికాను. రైల్లో చేత్తో పట్టుకుని ఎక్కడానికి ఏది వీలుగా ఉంటుందని అది వెతికింది.

"మొదట్నుంచీ ఇదే అనుకున్నావా?"

"ఆఁ."

"అయితే జూన్లోనే చెప్పొచ్చు కదా, తేల్చుకోలేదంటూ తిప్పావేటి?"

"క్యాబినెట్ కాదు నాన్నా తేల్చుకోనిది."

ఫారం మీద సంతకం పెట్టాను. కలం సరిగా పారలేదు, రెండుసార్లు దిద్దాల్సి వచ్చింది.

ఆగస్టు 3, ఆదివారం

కొత్త డబ్బా పార్సిలు అరకుదాకే వస్తుందట, ఘాటు మీద ఇంటికి తేరట. ముందు వాన అన్నారు, తర్వాత అడ్రసు దొరకలేదన్నారు. స్టేషన్ దొరకని మనిషి ఎవడో చూడాలని ఉంది. చివరికి నిన్న నేనే వెళ్లి తెచ్చాను. పెట్టె విప్పలేదు, అలాగే దాని చేతికిచ్చాను.

ఇవాళ బిగించింది. చిన్న డబ్బా కాబట్టి అంతా ఇరుకు. గ్రాఫిక్స్ కార్డు వేలెడు సందులోంచి దూర్చాలి. టార్చి పట్టుకోమంది. పట్టుకున్నాను. ఆ వైరు ఇటు తిప్పితే బాగుంటుందని రెండుసార్లు అనిపించింది, ఒకసారి అన్నాను. "పట్టుకో చాలు నాన్నా" అంది. గంటన్నర పట్టుకున్నాను. భుజం లాగుతోంది.

పెద్ద డబ్బా ఖాళీ అయింది. కోడిపిల్లల్ని కమ్మడానికి సుక్రు అడిగాడు. గాలి ఆడదురా అన్నాను. స్వర్ణ లోపలనుంచి నవ్వడం వినబడింది.

ఆగస్టు 9, శనివారం

సాయంత్రం పాసింజరు నలభై నిమిషాలు లేటు. ఇంకా లేటైతే బాగుండునని ఒక స్టేషన్ మాస్టర్ అనుకోవడం ఎవరికీ చెప్పే మాట కాదు.

అనురాధ అంబలికి చోడిపిండి, పచ్చడి సీసాలు, దుప్పట్లు కట్టింది. అవి సుక్రు మోశాడు. క్యాబినెట్ నేను తీసుకున్నాను. తేలిగ్గానే ఉంది. బండి ఆగాక ఎక్కించబోతే "నేను పట్టుకుంటాను" అని చెయ్యి చాపింది. ఇచ్చేశాను. మెట్టు మీద ఒకసారి తూలింది. సర్దుకుంది. కిటికీ పక్క సీటు దొరికింది. కాళ్ల మధ్య పెట్టుకుని పిడి మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

నెలాఖరుకి రెస్టు పెట్టుకుని వస్తాను, ఏమేం కావాలో తెస్తాను, అక్కడ కుర్చీ సరిగా ఉండదేమో, ఫ్యాను కూడా ఒకటి, అంటూ ఉన్నాను.

"రా నాన్నా. కానీ వచ్చేముందు ఫోన్ చెయ్యి. నన్ను అడక్కుండా ఏదీ కొని తేవొద్దు."

పక్క సీట్లో ఆవిడ నా ముఖం చూసి కిటికీ వైపు తిరిగిపోయింది. అందరి ముందూ అనాల్సిన మాటా అది?

బండి కదిలింది. డ్యూటీలో లేను కాబట్టి చేతిలో జెండా లేదు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాను. సొరంగంలోకి ఆఖరి పెట్టె పోయేదాకా అనురాధ అక్కడే నిలబడింది. నేను ముందే ఇంటికి వచ్చేశాను. వచ్చేశానని రాశాను గాని, స్టోరు గది వెనకే ఉన్నాను.

ఆగస్టు 12

అనురాధకి రోజూ ఫోన్ చేస్తోంది. నన్ను అడుగుతుందట. అడుగుతుందని అనురాధ చెబుతుంది.

ఆగస్టు 17, ఆదివారం

డ్యూటీ దిగి, స్టేషన్ బెంచీ మీద కూర్చుని నేనే చేశాను. రెండు రింగులకే ఎత్తింది. అన్నం తిన్నావా, గది బాగుందా, పని బాగుందా, అన్నీ అయ్యాయి. మిషను వేడెక్కట్లేదు కదా అన్నాను. లేదంది. ఇక అడగడానికి మిగిలిందొక్కటే. ఇరవయ్యారున వస్తున్నాను, ఏదైనా తేవాలా అని అడిగాను.

ఏమీ వద్దంటుందని అనుకుని, సరేలే అనబోయాను.

"పొడుగు స్క్రూడ్రైవరు ఒకటి తే నాన్నా. అయస్కాంతం ఉన్నది. చిన్న డబ్బా కదా, లోపల స్క్రూ పడిపోతే చెయ్యి దూరట్లేదు."

సైజు చెప్పమన్నాను. చెప్పింది. మరోసారి చెప్పించుకుని రాసుకున్నాను: ప్లస్ మూతి, రెండో నంబరు, కడ్డీ పొడవు ఎనిమిది అంగుళాలు. షాపులో ఉన్నవన్నీ ఫొటో తీసి పంపాలి. ఏదని అది చెప్పాకే కొనాలి.